కాంతి చెప్పే సాక్ష్యం: మెలకువలోని వానరాల మెదడుపై ప్రకాశ పరిశోధనల భాష - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మేల్కొని ఉన్న కోతుల మెదడు పనితీరును కాంతి సాయంతో గమనించే పద్ధతులు 1990ల నుండి విశేషంగా అభివృద్ధి చెందాయి. ఈ పరిశోధనలను వివరించే రచనలలో ‘చూడటం’, ‘కిటికీ’, ‘పటం’, ‘మెలకువ’ వంటి మాటలు తరచుగా కనిపిస్తాయి. ఈ మాటలు కేవలం సౌలభ్యం కోసం వాడినవి కావు. పాఠకుడు ఏది ప్రత్యక్షమని నమ్మాలో, ఏది ఊహ అని గుర్తించాలో అవే నిర్ణయిస్తున్నాయి. ప్రకాశ పరికరాలు మెదడు క్రియను నేరుగా చూపవు. దాని గుర్తును చూపుతాయి. గుర్తు నుండి క్రియను చేరడం అనుమానప్రమాణం పని. ఈ భేదాన్ని న్యాయదర్శనంలోని అనుమానచర్చ, అలంకారశాస్త్రంలోని లక్షణావృత్తి చర్చల వెలుగులో నిరూపించి, తెలుగు విజ్ఞానరచనకు తగిన పరిభాషను సూచించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: ప్రకాశచిత్రణ, అనుమానం, హేతువు, వ్యాప్తి, వ్యభిచారం, లక్షణ, మెలకువ, తెలుగు శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం:

శాస్త్రరచన కూడా రచనే. దానికీ శైలి ఉంటుంది, వక్త ఉంటాడు, ఉద్దేశించిన శ్రోత ఉంటాడు. కవి ఉపమానాన్ని ఎన్నుకున్నట్లే శాస్త్రవేత్త పరిభాషను ఎన్నుకుంటాడు. అయితే కవి వాడిన ఉపమానాన్ని పాఠకుడు ఉపమానంగానే గ్రహిస్తాడు. శాస్త్రవేత్త వాడిన ఉపమానం కొంతకాలానికి వస్తువు పేరుగా స్థిరపడిపోతుంది. అందువల్ల శాస్త్రవచనంలోని అలంకారాన్ని గుర్తించే పని సాహిత్య విమర్శకు కొత్త బాధ్యతగా ఏర్పడుతున్నది.

ఈ పరిశీలనకు 1991 నాటి ఒక పరిశోధనపత్రం మంచి ఆరంభస్థానం. అమిరామ్ గ్రిన్‌వాల్డ్, రాన్ ఫ్రాస్టిగ్, రాల్ఫ్ సీగెల్, ఎవా బార్ట్‌ఫెల్డ్ కలిసి అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో దీనిని ప్రచురించారు. ఆ పద్ధతిలో అంతవరకు మత్తులో ఉంచిన జంతువుల మెదడులను మాత్రమే చిత్రించారు. మేల్కొని ఉన్న కోతిలోనూ అది సాధ్యమని ఈ పత్రం నిరూపించింది. పొడుగుతోక మకాక్ జాతి కోతి కపాలంపై, ప్రాథమిక దృష్టివల్కలానికి ఎదురుగా, మూతవేసిన ఒక చిన్న గదిని అమర్చారు. దానికి పారదర్శకమైన గాజు కిటికీ ఉంది. కోతి ఒక్కొక్క కంటితో మార్చి మార్చి వీడియో చిత్రాలు చూస్తుండగా కెమెరా ఆ గాజు గుండా మెదడు ఉపరితలాన్ని చిత్రించింది. తల కదలకుండా నిలిపితే చాలు, కదలికల వల్ల కలిగే దోషం తొలగిపోతుందని పరిశోధకులు గమనించారు. కుడి కంటికి, ఎడమ కంటికి విడివిడిగా స్పందించే నేత్రప్రాబల్య స్తంభాలు చిత్రాలలో స్పష్టంగా కనిపించాయి.

అదే పత్రసంగ్రహం ఈ పద్ధతిని సాపేక్షంగా చొరబాటు తక్కువైనదిగా వర్ణించింది. కణజాలంలోకి సూదులు దించే పద్ధతులతో పోల్చినప్పుడు ఆ మాట నిజమే. కపాలాన్ని తెరిచి గాజు అమర్చిన జంతువు పక్షం నుండి చూసినప్పుడు దాని అర్థం మారుతుంది. ఒకే మాట ఎవరి వైపు నుండి పలుకుతున్నదనే ప్రశ్న విమర్శకు సహజమైనది. ఈ వ్యాసం శాస్త్రఫలితాల సత్యాసత్యాలను తేల్చడానికి పూనుకోదు. ఆ ఫలితాలు పాఠకుని చేరే భాషనే పరిశీలిస్తుంది.

2. పరికరాలు - అవి పట్టే గుర్తులు:

మెదడులోని నాడీకణం పనిచేసేటప్పుడు దాని పొరకు ఇరువైపులా విద్యుత్ పీడనం మారుతుంది. ఈ మార్పు కంటికి కనిపించదు. దానితో ముడిపడిన మరొక మార్పు కాంతిలో తెలియాలి. ఆ రెండవ మార్పు ఏది అనే ప్రశ్నకు మూడు రకాల సమాధానాలు వచ్చాయి.

2.1 రక్తం:

1986లో గ్రిన్‌వాల్డ్ బృందం ‘నేచర్’ పత్రికలో సహజసంకేత చిత్రణను ప్రతిపాదించింది. నోబెల్ పురస్కార గ్రహీత టోర్‌స్టెన్ వీసెల్ కూడా ఆ పత్రరచయితలలో ఒకరు. పనిచేసే ప్రాంతంలో ఆక్సిజన్ వినియోగం, రక్తపరిమాణం మారుతాయి. దానివల్ల ఆ ప్రాంతం వెనక్కి పంపే కాంతి మారుతుంది. ఈ మార్పు మొత్తం కాంతిలో సుమారు వెయ్యోవంతు స్థాయిలో ఉంటుంది. పైగా అది సెకన్ల వేగంతో నడుస్తుంది. నాడీకణం పని మాత్రం మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

2.2 రంగు:

విద్యుత్ పీడనాన్ని బట్టి కాంతిని మార్చే రంగులను మెదడు ఉపరితలానికి పట్టించడం రెండవ మార్గం. 1986లోనే బ్లాస్‌డెల్, సలామా ఈ రంగులతో కోతి దృష్టివల్కలంలోని అమరికను చూపారు. 2002లో స్లోవిన్, అరియెలి, హిల్డెషైమ్, గ్రిన్‌వాల్డ్ మేల్కొని పనిచేస్తున్న కోతులలో దీర్ఘకాలం పాటు ఈ చిత్రణ జరపవచ్చని నిరూపించారు. వేగం విషయంలో ఇది నాడీక్రియకు చాలా దగ్గరది. అయితే అది చూపేది ఒక్కొక్క కణాన్ని కాదు, అసంఖ్యాకమైన కణపొరల ఉమ్మడి స్పందనను.

2.3 కాల్షియం:

నాడీకణం స్పందించినప్పుడు దానిలోకి కాల్షియం ప్రవేశిస్తుంది. ఆ కాల్షియాన్ని పట్టి వెలిగే ప్రోటీను ఉంటే కణం పని తెలుస్తుంది. ఒసాము షిమోమురా 1962లో జెల్లీచేప నుండి వెలికితీసిన ఆకుపచ్చ ప్రోటీను దీనికి మూలం. ఆ ప్రోటీను ఆవిష్కరణకు, దానిని పరిశోధనా సాధనంగా మలచినందుకు షిమోమురా, చాల్ఫీ, చిన్ 2008లో రసాయనశాస్త్ర నోబెల్ పొందారు. 2001లో నకై, ఒకురా, ఇమోటో ఆ ప్రోటీనుకు కాల్షియాన్ని పట్టుకునే భాగాన్ని జోడించి ‘జీక్యాంప్’ అనే సూచికను తయారుచేశారు. దాని జన్యువును వైరస్ వాహకం ద్వారా కోతి మెదడు కణాలలోకి పంపుతారు. 1990లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ రూపొందించిన ద్విఫోటాన్ సూక్ష్మదర్శిని ఆ వెలుగును కణస్థాయిలో చూపుతుంది. రెండు ఫోటాన్లను ఒకే అణువు ఒకేసారి గ్రహించగలదని మరియా గోపెర్ట్-మేయర్ 1931లోనే సిద్ధాంతరీత్యా చెప్పారు. ఈ పద్ధతి 2015లో మార్మొసెట్‌లో, 2017లో మేల్కొన్న మకాక్‌లో దీర్ఘకాల చిత్రణకు ఉపయోగపడింది. కాల్షియం ఎక్కడంలో, దిగడంలో జాప్యం ఉంటుంది. చూపు కూడా సాధారణంగా వల్కలం పై పొరలకే పరిమితమవుతుంది.

రక్తం రంగు, పూసిన రంగు, ప్రోటీను వెలుగు - ఈ మూడింటిలో ఏదీ నాడీక్రియ కాదు. మూడూ దాని గుర్తులు. ఈ చిన్న వాస్తవం మీదనే తరువాతి చర్చ అంతా ఆధారపడి ఉంది.

3. ప్రత్యక్షమా, అనుమానమా?

కళ్లజోడు పెట్టుకొని చూసినది కూడా ప్రత్యక్షమే. సూక్ష్మదర్శిని అడ్డం వచ్చినంత మాత్రాన చూపు అనుమానంగా మారిపోదు. కాబట్టి పరికరం ఉండటం సమస్య కాదు. పరికరం చూపిన వస్తువూ, మాటలో చెప్పిన వస్తువూ ఒకటేనా అన్నదే సమస్య. కెమెరాలో రక్తవర్ణం మారడం ప్రత్యక్షం. ఆ మార్పును బట్టి నాడీకణాలు పనిచేశాయని చెప్పడం అనుమానం. తర్కపరిభాషలో మొదటిది హేతువు, రెండవది సాధ్యం. ఈ రెంటినీ కలిపే నియమమే వ్యాప్తి.

గౌతముని న్యాయసూత్రాలు అనుమానాన్ని పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టం అని మూడు విధాలుగా విభజించాయి. వాత్స్యాయనుడు తన భాష్యంలో ఇచ్చిన మొదటి వివరణ ప్రకారం కార్యాన్ని బట్టి కారణాన్ని ఊహించడం శేషవత్తు. నది నిండుగా, వేగంగా పారుతుంటే ఎగువన వాన కురిసిందని తెలుసుకోవడం దానికి ఉదాహరణ. సహజసంకేత చిత్రణ చేసే పని సరిగ్గా ఇదే. రక్తప్రవాహం పెరిగింది, కనుక నాడీకణాలు పనిచేశాయి అని అది చెబుతుంది. ప్రవాహం కంటికి కనిపిస్తుంది, వాన కనిపించదు. ఉపమానం ఎంత దూరం నుండి వచ్చినా ఇక్కడ అమరిక మాత్రం ఒక్కటే.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానాన్ని స్వార్థమని, పరార్థమని రెండుగా చెప్పాడు. తనకు తాను తెలుసుకునేది స్వార్థానుమానం. ఇతరులకు తెలియజెప్పడానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలతో చెప్పేది పరార్థానుమానం. ఈ దృష్టితో చూస్తే పరిశోధనపత్రం పరార్థానుమానానికి ఆధునిక రూపం. దానిలో వ్యాప్తిని నిలబెట్టవలసింది ఉదాహరణ అనే మూడవ అవయవం. ప్రకాశచిత్రణ రచనలలో తరచుగా సన్నబడేది ఈ అవయవమే. సంకేతానికీ నాడీక్రియకూ గల సంబంధం పూర్వపత్రాలకు అప్పగించబడుతుంది. ఆ పత్రం పత్రికావార్తగా మారేసరికి ఆ అవయవం పూర్తిగా రాలిపోతుంది. ప్రతిజ్ఞ, నిగమనం మాత్రమే పాఠకుని చేరుతాయి. అప్పుడు అనుమానం ప్రత్యక్షం వేషంలో నిలబడుతుంది.

4. వ్యభిచారశంక - 2009 నాటి ప్రయోగం:

న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో ఒక పూర్వపక్షం ఉంది. నది నిండటానికి వానే కారణం కానక్కరలేదు, దిగువన అడ్డుకట్ట పడినా నది నిండుతుంది. కనుక హేతువు వ్యభిచరిస్తున్నది, అనుమానం ప్రమాణం కాదు అని పూర్వపక్షి వాదిస్తాడు. సాధ్యం లేని చోట కూడా హేతువు కనిపించడమే ఇక్కడి వ్యభిచారం. ఆ శంక ఆధునిక ప్రయోగశాలలో అచ్చంగా ఎదురైంది.

2009లో యెవ్‌గెనీ సిరోటిన్, అనిరుద్ధ దాస్ ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. మెలకువలో ఉన్న కోతుల ప్రాథమిక దృష్టివల్కలంలో ప్రకాశచిత్రణను, విద్యుత్ నమోదును ఒకేసారి జరిపారు. కోతికి చీకటి గదిలో ఒక చిన్న వెలుగుచుక్కపై నిర్ణీత వ్యవధులలో చూపు నిలపడమే పని. దృశ్యం చూపినప్పుడు రక్తసంకేతాన్ని నాడీస్పందన బాగానే వివరించింది. అయితే చూడటానికి దాదాపు ఏమీ లేని చీకటిలో కూడా, పని సమయానికి అనుగుణంగా, రక్తం లయబద్ధంగా ఆ ప్రాంతానికి చేరింది. దాదాపు అంతే బలమున్న ఈ రెండవ అంశాన్ని అక్కడి నాడీక్రియను కొలిచే సాధారణ కొలమానాలేవీ ముందుగా చెప్పలేకపోయాయి. రాబోయే పనికి మెదడు ముందుగానే రక్తాన్ని సిద్ధం చేసుకుంటున్నదని రచయితలు భావించారు. తర్కభాషలో చెప్పాలంటే వాన లేకుండానే నది నిండింది.

ఈ ఫలితంపై చర్చ సాగింది. నికోస్ లోగోథెటిస్ 2010లో రాసిన ప్రతిస్పందనకు షేక్‌స్పియర్ హాస్యనాటకం ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ పేరును శీర్షికలో చేర్చారు. కోలాహలం ఎక్కువ, విషయం తక్కువ అన్నది ఆ శీర్షిక ధ్వని. శాస్త్రవాదం కూడా అవసరమైనప్పుడు వ్యంగ్యాన్ని ఆశ్రయిస్తుందనడానికి ఇది చక్కని నిదర్శనం. ఆ శీర్షిక చదవగానే పాఠకుడు ఏ పక్షాన నిలవాలో సగం నిర్ణయమైపోతుంది. వాదంలోని యుక్తి తరువాత వస్తుంది.

న్యాయసూత్రాలు ఇచ్చిన సమాధానం ఈ సందర్భంలో మరింత ఉపయోగకరం. నది నిండటం అనే సామాన్యాంశం హేతువు కాదు. ప్రవాహవేగం, నురుగు, కొట్టుకొచ్చే పండ్లు, ఆకులు, కట్టెలు ఇవన్నీ కూడిన విశిష్టమైన నిండుదనమే వానకు హేతువని భాష్యకారుడు వివరించాడు. అడ్డుకట్ట వల్ల నిండిన నదికి ఈ విశేషాలు ఉండవు. హేతువును విడిచిపెట్టనక్కరలేదు, దానిని నిర్దిష్టం చేయాలి. రక్తసంకేతం కూడా అంతే. ఏ స్థితిలో, ఏ ఉద్దీపనకు, ఏ కాలవ్యవధిలో వచ్చిన సంకేతం నాడీక్రియకు హేతువు అవుతుందో చెప్పినప్పుడే అది ప్రమాణం. 2009 ప్రయోగం ప్రకాశచిత్రణను కొట్టివేయలేదు, దాని హేతువుకు విశేషణాలు కోరింది. తన గుర్తును తానే శంకించి, విద్యుత్ నమోదుతో పరీక్షించుకున్న పరిశోధనారంగాన్ని ఈ విషయంలో మెచ్చుకోవలసిందే. లోపం ప్రయోగశాలలో కన్నా దాని నుండి వెలుపలికి వచ్చే మాటలలో ఎక్కువ.

5. లక్షణ రూఢిగా మారిన తీరు:

ముఖ్యార్థానికి బాధ కలగాలి, ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి - లక్షణకు మమ్మటుడు చెప్పిన నియమాలివి. గంగలో పల్లె ఉందన్నప్పుడు నీటిలో ఇళ్లు ఉండవు కనుక ఒడ్డు అనే అర్థం వస్తుంది. చల్లదనం, పావనత్వం సూచించడం అక్కడి ప్రయోజనం. ప్రకాశచిత్రణ పరిభాషలో ప్రయోజనలక్షణగా మొదలైన మాటలు క్రమంగా రూఢిలక్షణగా మారాయి. నాలుగు మాటలను పరిశీలించవచ్చు.

5.1 వెలగడం: మెదడులో ఫలానా భాగం వెలిగిందనే మాట విజ్ఞానవార్తలలో పరిపాటి. సహజసంకేత చిత్రణలో పనిచేసే ప్రాంతం, సాధారణంగా వాడే ఎరుపు-నారింజ కాంతిలో, ఇంకా చీకటిగా కనిపిస్తుంది. అంటే మాట వస్తువుకు పూర్తిగా విరుద్ధం. జీక్యాంప్ పద్ధతిలో వెలుగు నిజంగానే ఉంటుంది. అయితే ఆ వెలుగు మెదడు సొంతం కాదు. జెల్లీచేప జన్యువు, బయటి లేజరు కలిసి దానిని పుట్టించాయి. ఒకచోట మాట అబద్ధం, మరొకచోట నిజం. రెండు చోట్లా ఒకే ధీమాతో వాడబడుతున్నది.

5.2 కిటికీ: గాజు కిటికీ నిజంగానే కపాలంలో ఉంది. మనసులోకి కిటికీ అనేది రూపకం. ఈ రెండూ ఒకే పేరాలో కలిసినప్పుడు వాస్తవమైన గాజు, రూపకానికి సాక్షిగా నిలుస్తుంది. ఇంటిలో ఉన్నవాడు బయటికి చూడటానికి పెట్టుకునేది కిటికీ. ఇక్కడ లోపలి ప్రాణికి ఆ కిటికీతో పనిలేదు. బయటివాడి చూపుకు మాత్రమే అది తెరుచుకుంది. తెలుగులోని గవాక్షం అనే సంస్కృతపదంలో ‘అక్షం’ అంటే కన్ను ఉంది. ఆ కన్ను ఎవరిదన్న ప్రశ్న రూపకం లోపలే దాగి ఉంది.

5.3 పటం: నేత్రప్రాబల్య పటాన్ని సిద్ధం చేయడానికి ఒక కంటికి వచ్చిన స్పందన చిత్రాల నుండి మరొక కంటికి వచ్చినవాటిని తీసివేస్తారు, అనేక ఆవృత్తుల సగటు తీస్తారు. కనుక అది ఒక క్షణంలో మెదడు ఉన్న స్థితి కాదు, గణించి తీసిన భేదం. పటం అనే మాట నేల ముందే ఉన్నదనీ దానిని గీసుకోవడమే మిగిలిందనీ భావన కలిగిస్తుంది. ఏ ప్రశ్న వేశారో దానిని బట్టి పటం మారుతుందన్న సంగతి మరుగున పడుతుంది.

5.4 విచారణ: 2018లో ‘ప్లాస్ బయాలజీ’లో వచ్చిన ఒక పత్రం మేల్కొని ప్రవర్తిస్తున్న వానరాలలో వల్కలకణాలను కాంతితోనే ప్రేరేపించి, కాంతితోనే నమోదు చేసే పద్ధతిని వివరించింది. దాని శీర్షికలో ఆంగ్లంలోని ‘ఇంటరాగేషన్’ అనే మాట ఉంది. పోలీసు విచారణకు వాడే మాట అది. కణాన్ని ప్రశ్నించి జవాబు రాబట్టడమనే భావం సాంకేతికంగా సూటిగానే ఉంది. కాని ప్రశ్నించేవాడికీ ప్రశ్నకు లోనయ్యేవాడికీ మధ్య గల అధికారభేదాన్ని ఆ మాట దాచుకోలేకపోయింది. ఉద్దేశించని చోట సత్యం పలికిన సందర్భమిది. అలంకారాన్ని విప్పిచూపే విమర్శ, అప్పుడప్పుడు అలంకారమే విప్పిన సత్యాన్ని కూడా నమోదు చేయాలి.

6. ‘మెలకువ’ అనే పదం:

మత్తుమందు మెదడు స్పందనను మారుస్తుంది. అవధానం, నిర్ణయం, అపేక్ష వంటి వ్యాపారాలను మత్తులో ఉన్న జంతువులో పరిశీలించడం కుదరదు. కనుక మేల్కొన్న వానరాలపై పరిశోధన అవసరమనే వాదానికి శాస్త్రీయమైన బలం ఉంది. అయితే మెలకువ అనే మాట పాఠకుని మనసులో స్వేచ్ఛను కూడా వెంట తెస్తుంది. వాస్తవంలో చాలా ప్రయోగాలలో కోతి ప్రత్యేకమైన కుర్చీలో, తల బిగించిన స్థితిలో, చూపును ఒక బిందువుపై నిలిపి, పండ్లరసపు చుక్క వంటి బహుమతి కోసం పనిచేస్తుంది. ఆంగ్లంలో ఈ స్థితికి ‘ప్రవర్తించే’ అనే విశేషణం వాడతారు. నేర్పిన పనిని చేయడమే అక్కడ ప్రవర్తన. 2018లో మార్మొసెట్‌ల తలపై చిన్న సూక్ష్మదర్శినిని అమర్చి జరిపిన చాలక వల్కల పరిశోధన ‘సహజంగా ప్రవర్తించే’ అనే మరొక విశేషణాన్ని తన శీర్షికలో చేర్చుకుంది. సహజం అనే పదం కొత్తగా అవసరమైందంటే, మునుపటి ప్రవర్తన ఎంతవరకు సహజమో ఆ రంగమే పరోక్షంగా అంగీకరించినట్లయింది.

ఒకే జంతువును నెలల తరబడి చిత్రించగలగడం ఈ పద్ధతుల ప్రధానగుణంగా చెప్పబడుతుంది. రసెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిన మూడు సూత్రాలలో జంతువుల సంఖ్యను తగ్గించడం ఒకటి. దీర్ఘకాలచిత్రణ ఆ సూత్రానికి తోడ్పడుతుంది. అదే సమయంలో బాధను తగ్గించే పద్ధతులు పాటించాలన్న మరొక సూత్రం ఒక్కొక్క జంతువు మోసే భారాన్ని లెక్కించమంటుంది. సంఖ్య తగ్గినప్పుడు కాలం పెరుగుతుంది. ‘దీర్ఘకాల’ అనే విశేషణం పరికరానికి ప్రశంస, జంతువుకు జీవితభాగం. ఒకే పదం రెండు ఖాతాలలో రెండు విధాలుగా జమ అవుతున్నదని విమర్శ గుర్తుచేయాలి.

2009 ప్రయోగం ఈ దృష్టితో మరొకసారి చదవదగినది. చీకటిలో రక్తం ముందుగా ఎందుకు చేరింది? పని తిరిగి ఎప్పుడు వస్తుందో కోతికి తెలుసు కనుక. మత్తులో ఉన్న జంతువులో ఈ ఫలితం వచ్చే అవకాశమే లేదు. పరిశోధకులు దృష్టిని కొలవబోయారు, ఎదురుచూపు దొరికింది. మెలకువ అంటే కళ్లు తెరిచి ఉండటం మాత్రమే కాదని, కాలాన్ని ఎరిగి రాబోయేదానికి సిద్ధపడటమని ఆ ఫలితం తెలిపింది. పద్ధతుల విభాగంలో స్థితివిశేషంగా మాత్రమే పేర్కొనే మెలకువ, ఫలితాల విభాగంలో కర్తగా ప్రవేశించింది. తెలుగులో మెలకువ అనే పదానికి జాగృతి అనీ, పనితనంలోని నేర్పు అనీ రెండర్థాలున్నాయి. పరిశోధకుల మెలకువలన్నీ జంతువు మెలకువను పట్టడానికే పుట్టాయి. చివరకు జంతువు మెలకువే వాటి పరిమితిని చూపింది.

7. తెలుగు పరిభాష - కొన్ని ప్రతిపాదనలు:

ఈ రంగం గురించి తెలుగులో విస్తృతమైన రచన ఇంకా రావలసి ఉంది. పరిభాష గట్టిపడక ముందే దానిని ఎంచుకునే అవకాశం తెలుగు విజ్ఞానరచయితలకు ఉంది. ఆంగ్లపదాలను వాటి రూపకాలతో సహా దిగుమతి చేసుకోవడం కన్నా, మన తర్కపరిభాష ఇచ్చే భేదాలను వినియోగించుకోవడం మేలు.

మొదటిది, ‘చిత్రణ’ అనే పదం. ఛాయాగ్రహణం అన్నప్పుడు ఉన్నది పట్టుకున్నట్లు, చిత్రణ అన్నప్పుడు చేతితో రూపొందించినట్లు ధ్వనిస్తుంది. గణించి తీసిన పటాలకు చిత్రణ అన్న మాటే నిజాయితీగా ఉంటుంది.

రెండవది, ‘సూచిక’, ‘సంకేతం’ అనే పదాలు. మెదడు క్రియ కనిపించిందని రాయడానికి బదులు, రక్తసంకేతం పెరిగిందనీ కాల్షియం సూచిక వెలిగిందనీ రాసి, దాని నుండి తీసిన అనుమానాన్ని వేరే వాక్యంగా చెప్పాలి. హేతువాక్యం, నిగమనవాక్యం విడిగా ఉంటే పాఠకుడు వాటి మధ్య ఖాళీని చూడగలుగుతాడు.

మూడవది, జంతువుల పేర్లు. తెలుగులో కోతి అనే ఒక్క మాట చాలా జాతులకు చెల్లుతుంది. వానరం అనే పదం వెంట ఇతిహాసస్మృతి వస్తుంది. బ్రెజిల్‌కు చెందిన మార్మొసెట్ మెదడు ఉపరితలం దాదాపు నునుపుగా ఉంటుంది, కనుక అక్కడ కెమెరాకు అందే వల్కలం ఎక్కువ. మకాక్ మెదడు మడతలతో నిండి ఉంటుంది, అందులో ఎక్కువ భాగం గాళ్లలో దాగి పైనుండి చూసే కెమెరాకు అందదు. రెంటినీ కోతి అనేస్తే ఒక జాతిలో నిలిచిన వ్యాప్తిని మరొక జాతికి, అక్కడి నుండి మనిషికి తెలియకుండానే పొడిగించినట్లవుతుంది. రీసస్ మకాక్ మన దేశపు ప్రాణి. ఆ కోతుల ఎగుమతిని భారతప్రభుత్వం 1978లో నిలిపివేసింది. పరిశోధనాజంతువుగా ప్రపంచానికి తెలిసిన ఆ ప్రాణి మన ఊళ్లలో, గుళ్లలో తిరిగే ప్రాణి కూడా కావడం వల్ల తెలుగు పాఠకునికి దాని పేరు కేవల సాంకేతికపదం కాజాలదు. ఆ పరిచయాన్ని దాచనక్కరలేదు. జాతిపేరు స్పష్టంగా చెబితే చాలు.

నాలుగవది, స్థితిని తెలిపే విశేషణాలు. మేల్కొన్న, తల బిగించిన, పని నేర్పిన, స్వేచ్ఛగా తిరిగే అనే నాలుగింటిని నాలుగు వేరు మాటలుగానే ఉంచాలి. ‘ప్రవర్తించే కోతి’ అనే అనువాదం తెలుగులో అర్థాన్ని ఇవ్వదు. ‘పని చేస్తున్న, తల బిగించిన మకాక్’ అని రాస్తే వాక్యం కొంచెం పొడుగవుతుంది గాని విషయం తెలుస్తుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

* మెలకువలోని వానరాలపై జరిగే ప్రకాశచిత్రణలో ప్రత్యక్షమయ్యేది రక్తవర్ణం, రంగుల స్పందన, కాల్షియం సూచిక వెలుగు. నాడీక్రియ వాటి నుండి అనుమానించబడేది.

* నది నిండటాన్ని బట్టి వానను ఊహించే శేషవదనుమానం ఈ పద్ధతికి సరైన నమూనా. దానిపై న్యాయసూత్రాలలోని పూర్వపక్షం, సమాధానం రెండూ 2009 నాటి ప్రయోగాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. హేతువును త్యజించడం కన్నా దానిని విశిష్టం చేయడం పరిష్కారం.

* వెలగడం, కిటికీ, పటం, విచారణ అనే మాటలు లక్షణలు. అవి రూఢిగా మారినప్పుడు అనుమానం ప్రత్యక్షంగా భ్రమింపజేస్తుంది. వాటిని వాడకూడదని కాదు, వాటిని లక్షణలుగా గుర్తుంచుకోవాలని మాత్రమే విమర్శ కోరుతుంది.

* మెలకువ అనే విశేషణం జంతువు స్థితిని పూర్తిగా చెప్పదు. దాని బంధాన్ని, శిక్షణను కూడా చెప్పే విశేషణాలు తెలుగు రచనలో చేరాలి.

* తెలుగు పరిభాష హేతువును, సాధ్యాన్ని వేరు వాక్యాలలో నిలపగలిగితే విజ్ఞానరచనకు స్పష్టత చేకూరుతుంది.

గాజు వెనుక ఉన్న మెదడు తనను చూస్తున్న కెమెరాకు కేవలం వస్తువుగా ఉండిపోలేదు. చీకటిలో, ఏమీ చూపని వేళ, రాబోయే క్షణం కోసం అది రక్తాన్ని కూడగట్టుకుంది. పరికరం ఆ ఎదురుచూపును నమోదు చేసింది. ఆ నమోదును ఎదురుచూపుగా చదవగలిగిన భాష ఉన్నప్పుడే ఆ ఫలితం పూర్తిగా మనదవుతుంది. అటువంటి భాషను సిద్ధం చేయడం శాస్త్రవేత్తల పని మాత్రమే కాదు. పదం బరువు తెలిసిన సాహిత్య పరిశోధకులకు కూడా అందులో పాలు ఉంది.